తొమ్మిదో నెలమ్మ టీ

మా మేనత్త ఇరవై ఏళ్ళకు పైగా గర్భవతి. ఈ మాట అన్నప్పుడల్లా కొత్తవాళ్ళు నా మొహం వంక జాలిగా చూస్తారు. చూడనివ్వండి. ఆ కడుపులు కుట్టినదాన్ని నేను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మార్కెట్ వీధిలో మందుల షాపు పక్కన, మెట్ల కింద నా కుట్టు మిషను ఉంది. నాకంటే ముందు అదే మిషను మీద మా అమ్మ కుట్టేది. దిండు గలీబులూ కిటికీ పరదాలూ కుట్టడం మాకెంత మామూలో, అత్తకు కడుపు కుట్టడం కూడా అంతే మామూలు.

ముందు సంగతి ముందు చెప్పాలి. మా ఊరి చివర ఒక వంతెన ఉంది. వంతెన అవతల వేరే దేశం. మా తాతల కాలంలో రెండు ప్రభుత్వాలూ దేని మీదో మాటా మాటా అనుకుని, ఒకరి సరుకు ఒకరి గడప తొక్కకూడదని పట్టుబట్టి కూర్చున్నాయి. ఎందుకు అలిగాయని అడిగితే మా ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు, ఏ రెండూ కలవవు. పాసు ఉన్న మనుషులు పనుల కోసం వంతెన దాటొచ్చు. సరుకు మాత్రం గుండుసూది కూడా దాటకూడదు. అవతల కొండల నిండా టీ తోటలు. ఇవతల మాకు దొరికే టీ పొడి రంపపు పొట్టుకు దగ్గరి చుట్టం. ఎంత మరిగించినా రంగు వచ్చేది గానీ రుచి చచ్చినా వచ్చేది కాదు.

అత్తకు అవతల ఒక లాండ్రీలో ఇస్త్రీ పని. వారానికి రెండు మూడుసార్లు వెళ్ళొచ్చేది. లాండ్రీ పక్కనే టీ పొడి అమ్మే ఒకావిడ ఉండేది. మేమెప్పుడూ ఆవిడను చూడకపోయినా ఇంటిల్లిపాదీ అవతలక్క అనే పిలిచేవాళ్ళం. అత్త నిజంగా కడుపుతో ఉన్నప్పుడు, అంటే మా వదిన ఆవిడ కడుపులో ఉన్నప్పుడు, నడుం నొప్పితో నిలబడలేకపోతుంటే అవతలక్కే నడుముకు ఏదో రాసి, కాసేపు పడుకోబెట్టి, ఇంటికి పంపేది. ఒక రోజు ముచ్చటపడి చిన్న టీ పొట్లం కూడా చేతిలో పెట్టింది. అత్త ఆ పొట్లాన్ని పొట్ట పక్కన దోపుకుని వంతెన మీదకొచ్చింది. గేటు దగ్గర మీసాల ఇన్‌స్పెక్టర్ ఆవిడను ఎగాదిగా చూసి, మెల్లగా నడవమ్మా, మెట్లు జాగ్రత్త అన్నాడట. అంతే. ఆ సాయంత్రం మా వంటింట్లో టీ కాస్తే వీధి వీధంతా ముక్కు పట్టుకుని లాక్కొచ్చినట్టు మా గుమ్మంలోకి వచ్చేసింది.

అదొక వింత వాసన. గుప్పున తగిలి, ముక్కులోంచి నెత్తికెక్కి, కళ్ళు చల్లబరిచి దిగేది. ఒక కప్పు తాగితే జలుబు పోతుందనీ, రెండు తాగితే బెంగ పోతుందనీ చెప్పుకునేవారు. వదిన పుట్టింది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ పిల్ల ముద్దుగా ఉందని ఒక మాట అనేసి, ఆ టీ ఇంకా ఏమైనా మిగిలిందా అని అడగడం మొదలుపెట్టారు. అత్త మెత్తని మనిషి, ఎవరి మాటా కాదనలేదు. పిల్లకు బోర్లాపడటం రాకముందే మా అత్త మళ్ళీ నెల తప్పింది, కనీసం వంతెన దగ్గర.

అక్కడి నుంచి మా అమ్మ పనితనం చూడాలి. మందపాటి నూలు గుడ్డతో, లోపల అరలు అరలుగా, వెనక వీపు దగ్గర ముడి వేసేలా, భుజాల మీదుగా పట్టీలతో కడుపులు కుట్టింది. మూడో నెలకొకటి, అయిదుకొకటి, ఏడుకొకటి, తొమ్మిదికొకటి. ఎవరు చూడాలనో గానీ బొడ్డు దగ్గర ఒక గుండీ కూడా కుట్టింది. నా చేతికి పని వచ్చాక నేను చేసిన మార్పల్లా ఒకటే, తొమ్మిదో నెల కడుపును కాస్త కిందికి దించాను, కానుపు దగ్గరపడినప్పుడు అలాగే జారుతుంది కదా. ఇన్‌స్పెక్టర్ భార్యకు నలుగురు పిల్లలు, అతనికి ఈ విషయాలు బాగా తెలుసు.

వెళ్ళేటప్పుడు కడుపు ఖాళీగా పోనివ్వడం దేనికని అత్త ఇక్కడి నుంచి బిస్కెట్లు నింపుకుని వెళ్ళేది. అవతల బిస్కెట్లు లేవు, ఆ సరుకు మా వైపుది. బిస్కెట్లు అటు, టీ పొడి ఇటు.

ఈ ఏర్పాటులో చిక్కల్లా ప్రకృతితోనే. మూడో నెలలో పట్టే టీ ఎంత? గుప్పెడు. ఏడో నెలకు ఊరు కాస్త ఊపిరి పీల్చుకునేది. తొమ్మిదో నెల వచ్చిందంటే ఇంటింటా పండగే. పెళ్ళి ముహూర్తాలు అత్త తొమ్మిదో నెల చూసి పెట్టుకునేవాళ్ళు, లేకపోతే వచ్చిన చుట్టాలకు ఏం పోస్తారు? కానుపయ్యాక కొన్నాళ్ళు అత్త ఇంట్లోంచి కదలకూడదు, వంతెన వాళ్ళకు అనుమానం రాకూడదు కదా. ఆ రోజుల్లో ఊరంతా మొహాలు వేలాడేసుకుని తిరిగేది. బజార్లో అత్త కనిపిస్తే ఎవరూ బాగున్నావా అని అడిగేవారు కాదు. ఎన్నో నెల అని అడిగేవారు. అలా అలా ఆవిడ పేరే తొమ్మిదో నెలమ్మ అయిపోయింది. అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి.

ఈ నవ్వులాటలో నవ్వని మనిషి ఒకతే, మా వదిన. పాపం, బడిలో పిల్లలు ఆమెను బతకనిచ్చేవారు కాదు. మీ అమ్మకు ఎన్నో నెల అని ఒకరు, ఈసారి తమ్ముడా టీ పొట్లమా అని ఇంకొకరు. ఇంటికొచ్చి తలుపు వెనక కూర్చుని ఏడ్చేది. నాకు బాగా గుర్తు, ఒక రోజు పొద్దున్న మా అమ్మ ఊళ్ళో లేదు, అత్త వీపు వెనక ముడి అందక వదినను పిలిచింది. వదిన వచ్చి ఆ పట్టీలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ వదిలేసి, "నేను కట్టను. ఎప్పటికీ కట్టను" అని బయటికి వెళ్ళిపోయింది. చివరికి ఆ ముడి నేనే వేశాను, స్టూలెక్కి. అత్త ఆ రోజు వంతెన దాకా తల దించుకుని నడిచింది.

వదిన పెరిగి పెద్దదై ముక్కుసూటి మనిషిగా తయారైంది. అమ్మ మీద కోపంతో అలా తయారైందని నా అనుమానం. తూకాల ఆఫీసులో ఉద్యోగం. అంగళ్ళకు వెళ్ళి తక్కెళ్ళూ గుండ్లూ సరిచూడటం ఆమె పని. ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్ర దీపం వెలిగితే ఆగిపోతుంది, పక్కన ఉన్న మనల్ని కూడా ఆపేస్తుంది. ఇంట్లో అత్త టీ ముట్టేది కాదు. రంపపు పొట్టే తాగేది, మొహం చిట్లించుకుని.

అలాంటిది ఒక మధ్యాహ్నం రేడియోలో వార్త వచ్చింది. రెండు ప్రభుత్వాలూ రాజీ పడ్డాయి, వచ్చే వారం నుంచి వంతెన మీద సరుకు వెళ్ళొచ్చు. నేను మిషను మీద పరదా కుడుతున్నాను, ఆ కుట్టు ఎటో వెళ్ళిపోయింది. వీధిలోకి వచ్చి చూస్తే మందుల షాపాయనా, చెప్పులు కుట్టేవాడూ ఒకరినొకరు వాటేసుకుని గెంతుతున్నారు. వాళ్ళిద్దరికీ మాటలు లేక ఎన్నో ఏళ్ళయింది. ఇక టీ లారీల్లో వస్తుందన్నారు. కాదు, గొట్టాల్లో వస్తుందన్నారు. ఒకావిడ బిందె కడిగి గుమ్మంలో పెట్టుకుంది, ఎందుకో ఆమెకే తెలియదు.

వంతెన తెరిచిన రోజు ఊరంతా అక్కడే. అత్త చదునైన పొట్టతో, చేతులు ఊపుకుంటూ వంతెన మధ్యదాకా నడిచింది. మీసాల ఇన్‌స్పెక్టర్ మీసాలు అప్పటికి నెరిసిపోయాయి. ఆయన ఆవిడను ఆపి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూపించలేదమ్మా. పిల్లలందరూ బాగున్నారా?"

"అందర్నీ మన ఊరివాళ్ళే తాగేశారండీ" అంది అత్త.

ఆయన మీసం వణికింది. తర్వాత గేటు పట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తమ ఇంట్లో కూడా అదే టీ అని అప్పుడు చెప్పాడు. తొమ్మిదో నెలలో ఆయన ఎందుకంత త్వరగా గేటు తీసేవాడో మాకు ఆ రోజు అర్థమైంది.

ఆ మర్నాడే వదిన తూకాల ఆఫీసు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. మెయిన్ రోడ్డు మీద పెద్ద కొట్టు అద్దెకు తీసుకుంది. ఇన్నేళ్ళ జీతంలో దాచుకున్నదంతా పోసి, లైసెన్సు తీసుకుని, అవతలక్కకే కబురు పెట్టి, ఆవిడ పొడి కొనే తోట నుంచే సీలు వేసిన టీ బస్తాలు లారీలో దింపించింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో అసలు టీ అని రాయించింది. ఇన్నాళ్ళు ఈ ఇంటి పేరు నవ్వుల పాలయింది, ఇక తలెత్తుకుని అమ్ముతానని ఆమె పట్టుదల. ఆ కొట్టు నిలబడితే వదిన తలెత్తుకుంటుంది, పడిపోతే ఆమెకు వెనక్కి వెళ్ళడానికి ఉద్యోగం కూడా లేదు, ఆ కుర్చీలో అప్పటికే ఎవరో కూర్చున్నారు. ఇది అత్తకు తెలుసు, నాకూ తెలుసు. వదిన నన్ను పిలిచి ఆ కడుపులన్నీ కత్తిరించి బల్లలు తుడిచే గుడ్డలు చేయమంది. మూడో నెలా అయిదో నెలా ఏడో నెలా కత్తిరించాను. తొమ్మిదో నెల మీద కత్తెర పెట్టాను గానీ చెయ్యి ఆడలేదు. నేను కాస్త దించానే గానీ, మా అమ్మ చేతి కుట్టు అది. మడిచి ట్రంకు పెట్టె అడుగున దాచేశాను.

కొట్టు తెరిచిన రోజు జనం రోడ్డు దాకా. మొదటి రోజు అందరికీ ఉచితంగా టీ. వదిన స్వయంగా కప్పుల్లో పోసి ఇచ్చింది. అందరూ ఒకేసారి కప్పు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఒక గుక్క తాగారు.

తర్వాత కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందు వరసలో ఒక ముసలాయన ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి మానేశాడు, ఊళ్ళో అందరికీ కండక్టర్ తాత. ఆయన మాటంటే టీ విషయంలో ఊరికి గురి. ఆయన కప్పును ముక్కు దగ్గర పెట్టుకుని ఇటు పీల్చి అటు పీల్చి, మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"ఇది అది కాదమ్మా."

ఇంకేముంది, గొడవ గొడవ. వాసనేదీ అని ఒకరు. నెత్తికి ఎక్కడం లేదని ఇంకొకరు. కల్తీ అని వెనక నుంచి ఎవరో అన్నారు. వదిన సీళ్ళు చూపించింది, కాగితాలు చూపించింది, తోట పేరు ముద్ర వేసిన బస్తా తెచ్చి మధ్యలో నిలబెట్టింది. కాగితం తాగుతామా అమ్మా అని ఒకావిడ అడిగింది. జీవితంలో ఒక్క అర తులం తప్పుగా తూచని మనిషిని పట్టుకుని కల్తీ అన్నారు. వదిన మొహం చూడలేక నేను బల్లలు తుడుస్తూ కూర్చున్నాను. ఆ గుడ్డ ఒకప్పుడు అయిదో నెల.

మీరు అడగొచ్చు, ఊళ్ళో ఎవరూ అవతల టీ తాగి చూడలేదా అని. తాగారు. మా నాన్నే ఒకసారి వెళ్ళి తాగొచ్చి, వాసనా పాడూ లేదు, వాళ్ళు మనకు నాసిరకం పోశారన్నాడు. ఊరంతా తల ఊపింది. మంచిది దాచుకుని బయటివాళ్ళకు అలాంటిదే పోస్తారు, ఎక్కడైనా అంతే కదా అనుకున్నాం. అంత తెలివైనవాళ్ళం మేము.

వారాలు గడిచాయి. బస్తాలు పైకప్పు దాకా అలాగే ఉన్నాయి. వాన కారు దగ్గరపడుతోంది, చెమ్మ తగిలితే టీ పొడి బూజు పట్టి పోతుంది. అద్దె కొట్టాయన రోజూ ఊరికే పలకరించిపోయినట్టు వచ్చి బస్తాల వైపు చూసి వెళ్ళేవాడు. వదిన తెరిచే వేళకు తెరిచి మూసే వేళకు మూసేది. ఆ మధ్యలో ఈగ కూడా వాలేది కాదు. అత్త అయితే తన ప్రాణమే పోతున్నట్టు తిరిగేది. చివరికి అవతలక్క మీద మండిపడింది. ఇన్నాళ్ళు నాకు మంచి పొడి ఇచ్చి, నా కూతురు కొనేసరికి చెత్త అంటగట్టిందా, రండి, నిలదీద్దాం అని మా ఇద్దరినీ లేవదీసింది. వదిన ఆ వంతెన దాటడం అదే మొదటిసారి.

అవతలక్క ఇల్లు లాండ్రీ సందులో ఉంది. ముందు గదిలో టీ డబ్బాలు, వెనక వంటిల్లు. మేం వెళ్ళేసరికి ఆవిడ నేల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని రోట్లో ఏదో దంచుతోంది. చూస్తే మా ఊరి బిస్కెట్లు. నిగనిగలాడే కొత్త బిస్కెట్లను పొట్లం విప్పి, రోట్లో పోసి, పిండి పిండి చేస్తోంది.

అదేమిటక్కా అని అత్త నోరు తెరిచింది. అవతలక్క చెమట తుడుచుకుంటూ తన కష్టం చెప్పుకుంది. వంతెన తెరిచాక మీ బిస్కెట్లు గుండ్రంగా బిళ్ళల్లా వస్తున్నాయి, మావాళ్ళు ఒక్కరూ ముట్టుకోవడం లేదు, అసలు బిస్కెట్టంటే పొడిలా ఉండి చెంచాతో తినేది కదా, ఈ బిళ్ళలు నకిలీవి అంటున్నారు, ఏం చేయను, దంచి అమ్ముతున్నాను అంది. ఇరవై ఏళ్ళు అత్త కడుపులో నలిగి నలిగి వచ్చిన బిస్కెట్లు మరి. వాళ్ళు బిస్కెట్టును బిస్కెట్టుగా ఎప్పుడు చూశారు గనక?

నేను నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాను. వదిన నవ్వలేదు. రోటి వైపే చూస్తూ నిలబడిపోయింది. మనసులో ఏదో తూస్తోందని తెలుస్తూనే ఉంది.

అత్త దెబ్బలాటకని వచ్చింది గానీ, అంత దూరం నడిచేసరికి నడుం పట్టేసింది. అవతలక్క పాత అలవాటు కొద్దీ ఆవిడను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, గూట్లోంచి సొట్టలు పడిన రేకు డబ్బా తీసి మూత తిప్పింది. వాళ్ళ అత్తగారు ఆకులూ మైనమూ కలిపి ఇంట్లో కాచే నొప్పుల బామ్ అది. బయట ఎక్కడా దొరకదు, ఆ ఒక్క ఇంట్లోనే.

గదంతా గుప్పున వాసన.

ముక్కులోంచి నెత్తికెక్కి, కళ్ళు చల్లబరిచి దిగింది. నేను మామూలుగా ఆహా టీ పెడుతున్నారా అన్నాను. పొయ్యి వెలగడం లేదు. వదిన డబ్బా లాక్కుని వాసన చూసింది. తర్వాత వంగి వాళ్ళమ్మ నడుం దగ్గర వాసన చూసింది. మళ్ళీ డబ్బా చూసింది.

"అమ్మా, ఇది ఎప్పుడు రాసేది?"

ఇరవై ఏళ్ళుగా, వచ్చిన ప్రతిసారీ, కడుపు కట్టే ముందు అని అవతలక్క జవాబు చెప్పింది. బరువు మోయాలి కదా అంది. నువ్వు కడుపులో ఉన్నప్పటి నుంచీ అంది.

వదిన మంచం పట్టె మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి, ఎక్కిళ్ళు వచ్చేలా, మాట రాకుండా నవ్వింది. మా అత్త దగ్గర టీ వాసన వస్తుందని ఊరంతా అనుకునేది. ఇన్నేళ్ళు ఆ టీకే మా అత్త వాసన వస్తోంది. ఆ పాపిష్టి వాసన పొద్దస్తమానం తన చుట్టూ తిరిగే అమ్మ నడుం నొప్పి వాసనని కూతురికే తెలియలేదు. నవ్వి నవ్వి వదిన ఏడ్చేసింది. అత్త కంగారుపడి బామ్ రాసిన నడుం పట్టుకుని లేచి కూర్చుని, పోనీలేవే, పొడి మంచిదే కదా, ఎందుకే ఏడుస్తావు అని కూతురి వీపు నిమిరింది. ఆ బామ్ వదిన వీపుకు కూడా అంటుకుంది.

ఇంత తెలిశాక ఎవరైనా ఆ బామ్ డబ్బా గుట్టుగా తెచ్చి బస్తాల పక్కన పెట్టేస్తారు. మా వదిన అలా చేస్తే ఆమె మా వదిన ఎందుకవుతుంది? కొట్టు ముందు నల్లబల్ల పెట్టి ఉన్నదున్నట్టు రాసింది. మీరు ఇన్నాళ్ళు తాగిన వాసన టీది కాదు, మా అమ్మ నడుముకు రాసిన నొప్పుల బామ్ ది, నమ్మనివారు లోపలికి వచ్చి డబ్బా వాసన చూడవచ్చు. ఊరు వచ్చి చూసింది. కండక్టర్ తాత డబ్బాలో ముక్కు పెట్టి చాలాసేపు పీల్చాడు.

"ఎంత బాగా చేశారమ్మా" అన్నాడు, "బామ్ కి అచ్చం టీ వాసన తెచ్చారు."

వదిన నెత్తి కొట్టుకుంది. కన్నతల్లి పేరు చెడగొడుతోందని ఆడవాళ్ళు ఆమెనే తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళు కమ్మగా అబద్ధం తాగినవాళ్ళకు నిజం గొంతు దిగలేదు, ఆ దిగనివాళ్ళలో నేనూ ఉన్నాను. నాకూ ఆ వాసన లేని టీ టీలా అనిపించదు.

ఆ సాయంత్రం అత్త నా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. తొమ్మిదో నెల నిజంగానే కత్తిరించేశావా అని అడిగింది. లేదన్నాను. తెమ్మంది. రేపటి నుంచి కొట్లో కుర్చీ వేసుకుని, నడుముకు బామ్ రాసుకుని, అందరి ముందూ కడుపు కట్టుకుని కూర్చుంటుందట. పొట్లాలు పొద్దున లోపల పెట్టుకోవడం, సాయంత్రం తీసి అమ్మడం. దాచేది లేదు, బామ్ డబ్బా కూడా బల్ల మీదే ఉంటుంది. చూసి కొనేవాళ్ళు కొంటారు. "పనైతే నాకొచ్చిందే కదా" అంది. అప్పుడు అసలు మాట చెప్పింది.

"దానికి ఇష్టం లేకపోతే వద్దులే. బజారు మధ్యలో మళ్ళీ ఈ వేషం అంటే దానికి తల కొట్టేసినట్టవుతుంది. అడిగి చూడు. నేను అడగలేను."

నేను వెళ్ళి వదినను అడిగాను. ఆమె బస్తాల మధ్య నిలబడి అంతా విన్నది. కొట్టు తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

తెల్లారి నేను కడుపు చంకలో పెట్టుకుని కొట్టుకు వెళ్ళేసరికి అత్త వెనక గదిలో ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. కొత్తపెళ్ళికూతురిలా కంగారుపడుతోంది. ఊళ్ళో ఈ కబురు ఎలా పొక్కిందో గానీ బయట అప్పటికే గుసగుసలు, నవ్వులు, తలుపు సందులోంచి చూపులు. వదిన ఎక్కడా కనిపించలేదు. నేను అరల్లో పొట్లాలు సర్ది, పట్టీలు భుజాల మీద వేసి, ముడి వేయడానికి అత్త వెనక్కి వెళ్ళాను.

ఎవరో నా భుజం పట్టుకుని పక్కకు జరిపారు. వదిన. చేతిలో బామ్ డబ్బా ఉంది. పీట వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు వేళ్ళతో బామ్ తీసి వాళ్ళమ్మ నడుముకు రాసింది. తూకం వేసినట్టు, అటూ ఇటూ సమానంగా. వదిన పట్టీలు తీసుకుంది. చిన్నప్పుడు వదిలేసిన పట్టీలే అవి.

"ఎంత బిగించను?" అంది.

"ఊపిరాడేలా కట్టు, చాలు. నిన్ను మోసినప్పుడు ఇంత ఇబ్బంది లేదు" అంది అత్త.

వదిన ముడి వేసింది. గట్టిగా లాగి చూసుకుని, దాని మీద ఇంకో ముడి వేసింది. అత్త లేచి నిలబడి, అలవాటుగా ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, తొమ్మిదో నెల నడకతో బయటికి వచ్చింది. జనం గొల్లుమన్నారు. మందుల షాపాయన చప్పట్లు కొట్టాడు. వంతెన దగ్గర పని తగ్గిపోయిన మీసాల ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు, గేటు లేకుండా ఆయన చాలా పొట్టిగా ఉన్నాడు. వరస మొదట్లో కండక్టర్ తాత. ఆయన అత్త పొట్ట వంక చూసి, ముక్కెగరేసి గాలి పీల్చి, ఊరంతా ఇరవై ఏళ్ళుగా అడిగే మాటే అడిగాడు.

"ఎన్నో నెలమ్మా?"

అత్త ఒక్కసారి కూతురి వైపు భయంగా చూసింది. బడిలో వదినను ఏడిపించిన మాట అది.

వదిన చేతులకు ఇంకా బామ్ ఉంది. వాటిని కొంగుకు తుడుచుకుని, అమ్మ పక్కకు వచ్చి నిలబడి, రోడ్డు అవతలికి కూడా వినపడేలా చెప్పింది.

"తొమ్మిదో నెల. సాయంత్రం రండి."